ఇంకెందుకా సంచి?

"పునరుత్పత్తి న్యాయం" అన్న పదబంధం నాకంతగా నచ్చదు. అభ్యంతరం భావంతో కాదు, మాటతోనే. ఉత్పత్తి అనగానే కర్మాగారమూ, దాని పొగగొట్టమూ, సాయంత్రం అయిదింటి కూతా మనసులో మెదులుతాయి. జీవశాస్త్రంలో పువ్వును నిలువునా కోసి బొమ్మ వేసిన పాఠానికి ఆ పేరు సరిపోతుందేమో గాని, ఒక మనిషి బిడ్డను కనాలా మానాలా, కన్నబిడ్డను ఎలా పెంచుకోవాలి అన్న బ్రతుకు సమస్యకు అది అతకదు. "సంతాన న్యాయం" అందామంటే, సంతానం వద్దనుకున్న స్త్రీ దాని పరిధిలోకి రాదు. "ప్రసూతి న్యాయం" పురిటిమంచం దగ్గరే ఆగిపోతుంది. నిజానికి మనకు చక్కని మాట ఒకటి ఉంది: కడుపు. కడుపు పండటం, కడుపు మాడటం, కడుపుకోత. గర్భమూ, ఆకలీ, బిడ్డను పోగొట్టుకున్న దుఃఖమూ మూడూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. కాని "కడుపు న్యాయం" అని పేరు పెడితే ఇదేదో వంటల టపా అనుకుని వచ్చేవారుంటారు. ఇంతకంటె మంచిమాట ఎవరైనా సూచించేదాకా ఆ ఇనుపమాటతోనే నెట్టుకురాక తప్పదు.

మాట పుట్టుక గురించి నాలుగు ముక్కలు. 1994లో అమెరికాలోని షికాగో నగరంలో ఒక సమావేశానికి వచ్చిన పన్నెండుమంది నల్లజాతి స్త్రీలు కూర్చిన పేరిది. గర్భస్రావపు హక్కు కోసం అప్పటికి అక్కడ నడుస్తున్న ఉద్యమానికి మూలమంత్రం "ఎంపిక". నా శరీరం, నా ఎంపిక అన్నమాట. ఈ పన్నెండుమందికీ ఆ మంత్రం చాలలేదు. చేతిలో డబ్బు లేనప్పుడు, దగ్గరలో వైద్యుడు లేనప్పుడు, తమ తల్లుల తరంలో ఎందరికో చెప్పకుండానే సంతానం కలగని శస్త్రచికిత్సలు జరిగిపోయిన దేశంలో, ఎంపిక అన్నది ఎవరికి మిగిలింది అని వారు అడిగారు. బిడ్డను కనకుండా ఉండే హక్కు ఒక్కటే కాదు, కనే హక్కూ, కన్నవారిని క్షేమమైన చోట పెంచుకునే హక్కూ, మూడూ కలిస్తేనే న్యాయం అన్నారు. 1997లో పదహారు సంఘాలు కలసి సిస్టర్‌సాంగ్ అనే సమాఖ్యగా ఏర్పడి ఆ భావాన్ని ముందుకు తీసుకువెళ్ళాయి.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అని పెదవి విరిచే మిత్రులు కొందరుంటారని తెలుసు. వారికి పటాన్‌చెరు గుర్తు చేయాలి.

1985లో, అంటే ఆ షికాగో సమావేశానికి తొమ్మిదేళ్ళ ముందు, హైదరాబాదును ఆనుకుని ఉన్న పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే సూదిమందును ప్రయోగాత్మకంగా ఇవ్వడానికి ఏర్పాట్లు జరిగాయి. రెండు నెలలకొకసారి ఆ సూది వేయించుకుంటే గర్భం రాదు. చుట్టుపక్కల పల్లెల స్త్రీలను అందుకోసం పోగుచేశారు. తమకిచ్చేది ఇంకా పరీక్షదశలో ఉన్న మందు అన్న సంగతి వారికి తెలియదు. నెలసరి గతి తప్పవచ్చునని గాని, సూది ఒకసారి ఒంట్లోకి వెళ్ళాక మాత్రలాగా మానేయడానికి వీలుండదని గాని వారికి ఎవరూ విడమరచలేదు. స్త్రీశక్తి సంఘటనకు చెందిన స్త్రీలు అక్కడికి వెళ్ళి వారితో మాట్లాడారు. సంగతి తెలిశాక వద్దనుకుని వెనుదిరిగినవారున్నారు. మరుసటి సంవత్సరం ఆ సంఘమూ, ఢిల్లీకి చెందిన సహేలీ, మరికొందరూ కలసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. వ్యాజ్యం పద్నాలుగేళ్ళు నడిచింది. ఈ సూదిని కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో మూకుమ్మడిగా వాడటం తగదని 2000లో ప్రభుత్వమే న్యాయస్థానానికి ఒప్పుకోవలసివచ్చింది.

నేను సూదిమందుకు విరోధిని కాను. 2017లో ప్రభుత్వం "అంతర" అన్న పేరుతో మరొక సూదిని, మూడు నెలలకొకసారి వేసేదాన్ని, కార్యక్రమంలో చేర్చింది. అన్నీ తెలిసి కోరుకున్న స్త్రీకి, అవసరమైతే మళ్ళీ చూపించుకునే చోటు ఉన్న స్త్రీకి, అది మేలైన దారే కావచ్చు. పటాన్‌చెరు గురించి నేను చెప్పదలచుకున్నది మందు గురించి కాదు. ఆ రోజు అక్కడ ఆ సంఘం చేసిన పని ఏమిటా అని ఆలోచిస్తే, ఆశ్చర్యపోయేంత చిన్న పని. చెప్పడం. నీకిచ్చేది ఇది, దీనివల్ల ఇలా కావచ్చు, వద్దనుకుంటే వెళ్ళిపోవచ్చు అని చెప్పడం. వైద్యుడి నోట రావలసిన ఆ మూడు వాక్యాలు రాకపోవడం చేత ఒక ఉద్యమమూ, ఒక వ్యాజ్యమూ కావలసివచ్చాయి.

ఆ స్త్రీలు అంతటితో ఊరుకోలేదు. వీణా శత్రుఘ్న వంటి వైద్యులతో కలసి, ఆడవాళ్ళు ఎవరినీ అడగలేక మనసులో దాచుకునే ప్రశ్నలన్నిటినీ పోగుచేసి, తొంభైల ఆరంభంలో "సవాలక్ష సందేహాలు" అన్న పుస్తకం తెచ్చారు. పేరు చూడండి ఎంత అందంగా ఉందో! "మహిళారోగ్య దర్శిని" అనో "స్త్రీ వైద్య సర్వస్వం" అనో పెట్టకుండా, చదివేవారి పక్షాన నిలిచి పెట్టిన పేరు. 2004లో అది పెరిగి పెద్దదై ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన వైద్యగ్రంథాలు మనకు తెలుసు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారి "వైద్యుడు లేని చోట" ఎన్ని ఇళ్ళలో అట్టలు ఊడిపోయేదాకా నలిగిందో తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. తెలుగులో పుట్టి ఇంగ్లీషుకు ప్రయాణం కట్టిన వైద్యగ్రంథాలు మాత్రం ఎన్నని లెక్కపెట్టగలం?

ఇక అసలు విషయం. ఆ పుస్తకం వచ్చి మూడు దశాబ్దాలు దాటాక తెలుగునేల మీద పరిస్థితి ఏమిటన్నది.

మన పల్లెల్లో "ఆపరేషన్ అయిందా?" అంటే ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించుకున్నవారే. తెలంగాణలో 62 శాతం. దేశమంతటి సగటు 38. ఆంధ్రప్రదేశ్‌లో ఆ శస్త్రచికిత్స చేయించుకున్న మగవారు అర శాతం కూడా లేరు. (మగవారు ససేమిరా ఒప్పుకోరన్నది కూడా పూర్తి నిజం కాదు. కోత లేని వేసెక్టమీని ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా కరీంనగర్ ప్రాంతంలో, చెప్పుకోదగినంత మంది చేయించుకున్న కాలం ఒకటుంది. చెప్పేవారూ, చేసేవారూ ఉన్నచోట మగతనం ఏమీ అడ్డురాలేదు.) మాత్రలు, లూపు, నిరోధ్ వంటివి లెక్కకు కూడా ఆనవు. మొదటి కాన్పు ఆలస్యం చేయడానికీ, రెండో కాన్పుకు ఎడం ఇవ్వడానికీ మన దగ్గర ఏ పద్ధతీ వాడుకలో లేదు. పెళ్ళి, వెంటనే ఒకరు, వెంటనే ఇంకొకరు, ఆ వెంటనే ఆపరేషన్. ఆ సర్వే నాటికి ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ మధ్య ఉన్న ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళి అయిపోయింది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇరవై అయిదు దాటకముందే ఈ అధ్యాయం మొత్తం ముగిసిపోయే స్త్రీలు మన చుట్టూ ఎందరో అర్థమవుతుంది.

ముగిసిపోయిందని మనం అనుకుంటాం. తరువాతి అధ్యాయం ముప్ఫై ఏళ్ళకు మొదలవుతుంది.

నడుంనొప్పి. తెల్లబట్ట. నెలనెలా ఎక్కువ రోజులు పోవడం. వరినాట్లలోనో, మిరపకోతలోనో రోజంతా వంగి నిలబడే మనిషికి, రక్తం చాలని మనిషికి, మరుగుదొడ్డి లేని పొలాల్లో పనిచేసే మనిషికి ఈ బాధల్లో ఏదో ఒకటి ఉండకపోతేనే వింత. ముందు ఊళ్ళోని ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరకు వెళుతుంది. ఆయన పట్నంలో తనకు తెలిసిన నర్సింగ్ హోముకు పంపుతాడు. ఊరికే పంపడన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన రహస్యం. అక్కడ స్కానింగ్ తీస్తారు. "గర్భసంచి వాచింది", "పుండు పడింది", "గడ్డలున్నాయి" అంటారు. ఆ తరువాతి మాట అన్నిటికంటె బలమైనది: "ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది." ఇంక ఆమె దగ్గర వాదన ఏముంటుంది? చివరకు అందరూ కలసి అనే మాట ఒకటుంది. వైద్యుడు అంటాడు, అత్త అంటుంది, మొగుడు అంటాడు, కొన్నాళ్ళకు తనే అంటుంది: "పిల్లలు పుట్టడం అయిపోయింది. ఇంకెందుకా సంచి?"

ఈ ఒక్క ప్రశ్న నాకు సర్వేల కంటె ఎక్కువ చెబుతుంది. శరీరంలో ఒక అవయవానికి ఇతరులకు ఉపయోగపడినంత కాలమే విలువ అని ముప్ఫై ఏళ్ళ మనిషి చేత ఒప్పించగలిగిన నాగరికత మనది. మోకాలు నొప్పి పెడితే "నడవడం అయిపోయింది, ఇంకెందుకీ కాలు?" అని ఎవరైనా అంటారా? తెల్లబట్టకు చాలావరకు మందులు చాలు. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, హార్మోను లూపు ఉంది, రక్తహీనతకు వైద్యం ఉంది. నిజంగా గర్భాశయం తీయవలసిన జబ్బులున్నాయి, కాదనను. అప్పుడు తీయవలసిందే, ఆ శస్త్రచికిత్స ఎందరి ప్రాణాలో కాపాడింది. కాని మొదటి మెట్టు మీద చేయవలసిన వైద్యాన్నంతా దాటవేసి నేరుగా కత్తి దగ్గరకు పోవడం వైద్యం అనిపించుకోదు. పైగా చాలాసార్లు గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తారు. ముప్ఫై రెండేళ్ళకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారి, ఒళ్ళంతా ఆవిర్లు వస్తూ, కూలిపని చేయలేక, ఇది ఆ ఆపరేషన్ వల్లనే అని కూడా తెలియక బ్రతికే స్త్రీని ఏ పట్టికలో నమోదు చేస్తాం?

2019-21 సర్వేనే చెప్పిన మరో లెక్క: 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భాశయం తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం, తెలంగాణలో 8.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.7. దేశంలోకెల్లా మనమే ముందున్న సంగతుల్లో ఇదొకటి. ఇది కొత్తగా బయటపడ్డదీ కాదు. హైదరాబాదుకు చెందిన వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి 2009 నాటికే మెదక్ జిల్లా పల్లెల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీలను కలిసి, అవసరం లేని శస్త్రచికిత్సలు ఎలా జరుగుతున్నాయో నివేదిక రాశారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆ ఖర్చు ప్రభుత్వమే భరించడంతో ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్లు విపరీతమయ్యాయన్న విమర్శ చెలరేగింది. ప్రభుత్వం వాటిపై కట్టడి విధించవలసివచ్చింది. పేదలకు అందని వైద్యాన్ని అందించిన పథకమే, ఎవరూ అడగనిచోట కత్తికి కూలి కట్టే పథకం కూడా అయింది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలీ స్త్రీలు నెలసరి రోజుల్లో పని మానితే జరిమానా కట్టవలసివస్తుందని గర్భసంచులు తీయించుకున్న వైనం 2019లో దేశమంతా విన్నది. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌ల గురించి వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, అనవసరపు గర్భాశయ శస్త్రచికిత్సలను అరికట్టడానికి కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మార్గదర్శకాలు బాగానే ఉన్నాయి. అవి కాగితం మీద ఉన్నాయి. ఆమె ఆటోలో పట్నానికి పోతున్నది.

ఇక్కడ ఒక వాదాన్ని ఎదుర్కొనక తప్పదు. నాకు గౌరవమున్న పెద్దలే ఈ వాదం చేస్తారు. "ఆపరేషన్లు ఎవరూ బలవంతంగా చేయడం లేదు. ఎమర్జెన్సీ రోజులు కావు. ఆడవాళ్ళే అడిగి చేయించుకుంటున్నారు. దానివల్లనే కదా తెలుగువాళ్ళ కుటుంబాలు చిన్నవయ్యాయి, పిల్లలు చదువుకున్నారు?" ఇందులో చాలా నిజముంది. కేరళలో ఉన్నంత అక్షరాస్యత లేకుండా, తమిళనాడులో ఉన్నన్ని పరిశ్రమలు లేకుండా సంతానపు రేటును 1.7కు తెచ్చిన ఘనత ఆంధ్ర స్త్రీలది. అది వారు మొండిగా, ఒంటరిగా సాధించుకున్నది. దానిని తక్కువ చేసి, వారంతా మోసపోయిన అమాయకులని చిత్రించే రచనలు నాకు చిరాకు కలిగిస్తాయి. పదిమందిని కని సగం మందిని మట్టిలో పెట్టిన అవ్వల కథలు వింటూ పెరిగినవారికి ఈ ఆపరేషన్ ఎంతటి విముక్తో ఎవరూ చెప్పనక్కరలేదు.

కాని అడిగి చేయించుకోవడం వేరు, ఎంచుకోవడం వేరు. దుకాణంలో ఒకే చీర ఉంటే ఆ చీర కొన్న మనిషికి ఆ రంగంటే ఇష్టమని ఎలా అంటాం? ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర 2014 నవంబరులో ఒక శిబిరంలో కొద్ది గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. ఆ రోజుల్లో అక్కడి శిబిరాల్లో చేయించుకున్నవారిలో కనీసం 13 మంది చనిపోయారు. వారూ తామై వచ్చినవారే అని రికార్డుల్లో ఉంటుంది. ఇటువంటి శిబిరాలను మూడేళ్ళలో మాన్పించాలని 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది. షికాగోలో ఆ పన్నెండుమంది "ఎంపిక" అన్న మాటను ఎందుకు సరిపోదన్నారో నాకు బిలాస్‌పూర్ తరువాతనే సరిగా బోధపడింది.

ఇంతలో ప్రభుత్వాల గాలి ఎదురు తిరిగింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధన 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. 1997లో, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉండగా, రాష్ట్రం ఒక జనాభా విధానాన్ని ప్రకటించి ఆపరేషన్లకు ప్రోత్సాహకాలు కల్పించింది. దేశం అంతకు ఏడాది ముందే, 1996లో, పద్ధతులవారీ లక్ష్యాలను వదిలివేసింది. ఆ ముఖ్యమంత్రే 2024 అక్టోబరులో, ఇద్దరికంటె ఎక్కువమంది పిల్లలున్నవారికే స్థానిక ఎన్నికల్లో పోటీచేసే అర్హత ఉండేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు. నవంబరులో పాత నిబంధనను శాసనసభ ఎత్తివేసింది. 2025లో విజయనగరం పార్లమెంటు సభ్యుడు మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు, మగపిల్లవాడు పుడితే ఆవు ఇస్తానని ప్రకటించారు. (ఆడపిల్లకు ఆవు, మగవాడికి సొమ్ము అని ఎందుకు అనలేదో, ఇందులో ఏది పెద్ద కానుకో, నేను లెక్క తేల్చలేకపోయాను.)

ఇద్దరు పిల్లల నిబంధన పోవడం మంచిదే. అది పంచాయతీల నుంచి వెళ్ళగొట్టింది ముఖ్యంగా పేద, దళిత, గిరిజన స్త్రీలను. ముసలివారు పెరిగి పనిచేసేవారు తగ్గుతున్నారన్న ఆందోళనా కల్పితం కాదు. నాకు కష్టంగా తోచేది మరొకటి. అప్పుడు వద్దన్నదీ, ఇప్పుడు కావాలన్నదీ ఒకే గొంతు, ఒకే ధోరణి. వద్దన్నప్పుడు ఆ తల్లికి నడుంనొప్పి ఉందా అని అడగలేదు. కావాలన్నప్పుడు ఆమెకు ఇంటి దగ్గర బిడ్డను చూసేవారు ఉన్నారా అని అడగడం లేదు. పైగా ఇరవై మూడేళ్ళకే ఆపరేషన్ అయిపోయిన స్త్రీని మూడో బిడ్డను కనమనడంలోని పరిహాసం పాలకులకు తట్టినట్టు లేదు. ప్రసూతి సెలవు ఎన్నో కాన్పుకైనా ఇస్తామన్నారు, సంతోషం. అది ఉద్యోగస్తురాలికి. నాట్లు వేసే మనిషికి సెలవు ఎవరిస్తారు?

మరి పని ఎక్కడ జరగాలి? నా మట్టుకు నాకు సమాధానం ఆశా కార్యకర్త దగ్గర, ఏ.ఎన్.ఎం. దగ్గర, పొదుపు సంఘం చాప మీద ఉంది. తెలుగునేల మీద ఉన్నన్ని స్త్రీల పొదుపు సంఘాలు మరెక్కడా లేవని గర్వంగా చెప్పుకుంటాం. వారానికో, నెలకో పదిమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చునే వ్యవస్థ మనకు ఊరూరా ఉంది. అక్కడ వాయిదాల సంగతి తప్ప ఒంటి సంగతి రాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకునేందుకు కూర్చున్న ఆడవాళ్ళే సారా దుకాణం మూయించారు. ఒకచోట కూర్చుని, చదువుకుని, మాట్లాడుకుంటే ఏమవుతుందో చూసిన జాతి మనది. అప్పు కట్టడానికి కూర్చున్నప్పుడు, "నిన్న నన్ను సంచి తీయించుకోమన్నారు, మీలో ఎవరికైనా ఇలా చెప్పారా?" అని ఒకరు అడిగితే చాలు, ఎనిమిది చేతులు లేస్తాయి. అదే ఊళ్ళో ఎనిమిదిమందికీ ఒకే రోగం, ఒకే ఆసుపత్రి, ఒకే మాట ఎలా వచ్చాయన్న అనుమానం అక్కడే పుడుతుంది.

అయితే ఆశా కార్యకర్తకు మనం కట్టే కూలి ఎలా ఉందో చూడండి. ఆపరేషన్‌కు ఒక మనిషిని తీసుకువస్తే ఇంత అని ఉంది. పెళ్ళయ్యాక రెండేళ్ళదాకా కాన్పు ఆగితే ఇంత అని కూడా ఉంది, అది మెచ్చుకోదగిందే. కాని ఒక స్త్రీ పక్కన గంటసేపు కూర్చుని, ఆమె స్కానింగ్ కాగితం చూసి, "ముందు ప్రభుత్వాసుపత్రిలో ఇంకొక డాక్టరమ్మకు చూపిద్దాం పద" అని చేయిపట్టి తీసుకుపోయినందుకు ఆ పట్టీలో గడి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి నెలకు పదివేలు ఇస్తున్నారు. తెలంగాణలో 18 వేల స్థిర వేతనం కోసం వారు రోడ్డెక్కుతూనే ఉన్నారు. ఆ కోరికను నేను కేవలం కార్మిక సమస్యగా చూడను. కేసుకింత అని బ్రతికే మనిషి సలహాదారు కాలేదు, దళారి అవుతుంది. ఆ వేషం ఆమె కోరుకున్నది కాదు.

చెప్పకుండా చేసే మంచి కూడా ఎలా చెడుతుందో ఖమ్మంలో చూశాం. 2009లో భద్రాచలం తదితర మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. చాలామంది గిరిజన వసతి గృహాల పిల్లలు. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు వార్డెన్లు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది, ఆ టీకా ఈనాడు ప్రపంచమంతటా మేలు చేస్తున్నదే. కాని అమ్మానాన్నలను ఒక మాట అడగనందున మంచి మందు మీద ఏళ్ళ తరబడి అనుమానం మిగిలింది. ఆ సర్వే ప్రకారం దేశంలో ముప్ఫై దాటిన స్త్రీలలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. క్యాన్సర్ పేరు చెప్పి సంచి తీసేవారున్నారు గాని, క్యాన్సర్ ఉందో లేదో చూసేవారు లేరన్నమాట.

మూడో హక్కు, కన్నబిడ్డను పెంచుకునే హక్కు గురించి ఎక్కువ రాయలేకపోతున్నాను. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడా తండాల్లో పుట్టిన ఆడశిశువులు చేతులు మారి దత్తత సంస్థలకు చేరిన కథ 1999లోనూ, మళ్ళీ 2001లోనూ బయటపడింది. అప్పుడు పత్రికలు తల్లులను తిట్టాయి. బోరుబావి ఎండిపోయి, నాలుగో ఆడపిల్ల పుట్టి, పెళ్ళికి కట్నం లెక్కవేసుకుంటున్న తల్లికి మనం ఏం పెట్టామని ఆమె చేతిలోని బిడ్డను అడుగుతాం? దానికి వేరే టపా కావాలి.

ప్రస్తుతానికి నాకు తోచిన పని ఒకటుంది, అది రాతగాళ్ళ పనే కనుక ఇక్కడ చెబుతున్నాను. "సవాలక్ష సందేహాలు" అంతటి గ్రంథం కాకపోయినా, ఒకే ఒక కాగితం, రెండు వైపులా పెద్ద అక్షరాలతో, గర్భసంచి తీయించుకోమన్నప్పుడు అడగవలసిన ప్రశ్నలు. నాకు జబ్బు ఏమిటి, పేరు రాసివ్వండి. ముందు మందులతో చూడవచ్చా, ఎన్ని నెలలు? క్యాన్సర్ అన్నారు కదా, ఏ పరీక్షలో తెలిసింది, ఆ కాగితం ఏది? సంచి ఒక్కటే తీస్తారా, పక్కన అండాశయాలు కూడానా? ఆ తరువాత నా ఎముకలకు ఏమవుతుంది? నేను ఇంకొక డాక్టరుకు చూపించుకుని వస్తాను, స్కానింగ్ నాకివ్వండి. ఇంతే. మాటలు మాత్రం పుస్తకాల తెలుగులో ఉండకూడదు. గర్భాశయం అంటే తెలియని చోట సంచి అనాలి, శ్రావం అంటే తెలియని చోట తెల్లబట్ట అనాలి, శ్రీకాకుళానికి ఒకలా, పాలమూరుకు ఒకలా, తండాలకు వారి భాషలో. వైద్యం తెలిసిన మిత్రులు తప్పులు దిద్దితే, మిగతావారు తమ ఊరి మాటల్లోకి మార్చితే, అచ్చుకు అయ్యే ఖర్చు మనం నెలకు కాఫీలకు పెట్టేదాంట్లో సగం కూడా కాదు. ఎవరి ఊరి మాట వారు రాసి పంపండి.